ఆఫీసు నేల కింద ఏముంది?

తెనాలి నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం నా బల్లమీద ఉంది.

"డాక్టరుగారూ, మా అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మాయికి ఇప్పుడు రెండో నెల. పోయినవారం వాళ్ల ఆఫీసులో కార్పెట్ లేపి, నేలకు రంధ్రాలు పెట్టి, కింది గాలిని డబ్బాల్లోకి పట్టుకుపోయారట. భూమిలోంచి ఏదో విషపు ఆవిరి వస్తున్నదేమోనని పరీక్షట. అమ్మాయి ఫోనులో నవ్వుతూనే చెప్పింది గాని, ఆనాటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. నేలలోంచి విషం రావడమేమిటండీ? అది ఆఫీసుకు వెళ్లవచ్చునా? ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని చెప్పమంటారా?"

అమ్మా! ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్తాను. మానేసి రమ్మనకండి. అలాగని నవ్వి ఊరుకోవద్దని కూడా చెప్పండి. రిపోర్టు వచ్చేలోగా మీ అమ్మాయి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి ఎందుకో తెలియాలంటే అసలు సంగతి మొదటినుంచి చెప్పుకోవాలి. ఇది అమెరికా వాళ్ల గొడవే కదా అని మిగతా పాఠకులు పేజీ తిప్పవద్దని మనవి. సెల్లారులో దుకాణం ఉన్నవారికి, పెట్రోలు బంకు పక్కన ఆఫీసు ఉన్నవారికి కూడా ఇందులో పని ఉంది.

నేల గట్టిదేనా?

మనం నేల అంటే గట్టి వస్తువనుకుంటాం. కాదు. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల నిండా గాలి ఉంటుంది. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టివాసన మీకు తెలుసు కదా! మట్టిలోంచి పైకి వచ్చినదే అది. భూమి కింద త్వరగా ఆవిరయ్యే రసాయనం ఏదైనా ఉంటే, ఆ ఆవిరి కూడా ఈ సందుల వెంటే మెల్లగా పైకి వస్తుంది. బయలు ప్రదేశమైతే గాలిలో కలిసి చెదిరిపోతుంది. దానిమీద ఒక భవనం కూర్చుని ఉంటేనే చిక్కు.

భవనం నేలను పీలుస్తుంది. ఇది ఊరికే అనే మాట కాదు. లోపలి వేడి గాలి పైకి పోతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తాయి. లోపల గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది. వాతావరణ పీడనం సుమారు లక్ష పాస్కల్‌లయితే ఈ తగ్గుదల నాలుగైదు పాస్కల్‌లు మాత్రమే. అయినా సరే, పుల్ల గొట్టంతో సోడా పీల్చినట్టు నేలకింది గాలి పైకి రావడానికి అది చాలు. కాంక్రీటు పలకలోని పగుళ్లు, గోడా నేలా కలిసేచోటి సందు, పైపులు దిగే రంధ్రాలు, లిఫ్టు గుంట, నీళ్లు తోడే సంపు గుంట - ఇవీ దాని దారులు.

ఆ మూల ఆవిరి ఎక్కడిది?

మీ అమ్మాయి ఉండే ప్రాంతం శాంటాక్లారా కౌంటీ అని వ్రాశారు. 1960, 70 దశకాల్లో అక్కడ సెమీకండక్టర్ కర్మాగారాలు వెలిశాయి. సిలికాన్ పలకలమీద జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం వాడేవారు. పేరు పొడుగు కనుక దీన్ని టి.సి.ఇ. అందాం. దాన్నీ, వాడగా మిగిలిన దాన్నీ భూమిలో పాతిన తొట్లలో నిలవ చేసేవారు. తొట్లు కారాయి, పైపులు కారాయి. టి.సి.ఇ. నీటికంటే బరువైనది. అందుచేత భూగర్భజలం పైన తేలకుండా అడుగుకు దిగుతుంది. దిగి, కొంచెం కొంచెంగా నీటిలో కరిగి, నీరు పారినవైపు తానూ పోతుంది. అంటే కారినచోటు ఒకటి, ఆవిరి పైకి వచ్చేచోటు వేరొకటి కావచ్చు.

1980 దశకం మొదట్లో అక్కడి భూగర్భజలాలను పరీక్షించినప్పుడు సంగతి బయటపడింది. అమెరికా ప్రభుత్వం అత్యంత కలుషిత స్థలాలకు ఒక జాబితా పెట్టింది. సూపర్‌ఫండ్ జాబితా అంటారు. ఆ దేశంలో మరే కౌంటీలోనూ లేనన్ని స్థలాలు, 23, ఆ ఒక్క శాంటాక్లారా కౌంటీలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీలు పోయాయి. వాటి స్థానంలో పచ్చిక, అద్దాల మేడలు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వచ్చాయి. ఆ ఆఫీసుల్లో మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో పనిచేస్తున్నారు. ఇంజనీరింగు కాలేజీలో సీటు దగ్గరనుంచి అమెరికా వీసా దాకా అన్నీ ఆరా తీసే తల్లిదండ్రులం, ఆఫీసు నేల కింద ఏముందని అడగాలని మనకు తోచదు. తోచకపోవడంలో తప్పు లేదు. ఆ దేశపు నిపుణులకే ఆలస్యంగా తోచింది. చాలాకాలం వాళ్లూ తాగేనీటి గురించే దిగులు పడ్డారు. ఆవిరి నేల దాటి గదిలోకి ఎంత రాగలదో లెక్కగట్టే సూత్రాన్ని జాన్సన్, ఎటింజర్ అనే ఇద్దరు 1991లో ప్రకటించారు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ పూర్తిస్థాయి మార్గదర్శకాలు వెలువరించేసరికి 2015 వచ్చింది.

నీటికీ గాలికీ ఒక తేడా ఉంది. బావినీరు చెడితే మరోచోటి నుంచి తెచ్చుకోవచ్చు. రోజుకు రెండు మూడు లీటర్లు చాలు. గాలి మాత్రం రోజుకు పదివేల లీటర్లకు పైగా పీలుస్తాం. అది బిందెతో తెచ్చుకునేది కాదు.

ఫ్యాను ఆగితే ఏమవుతుంది?

మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో ఇటువంటి ఒక సూపర్‌ఫండ్ స్థలం మీద గూగుల్ కార్యాలయాలు ఉన్నాయి. 2012 చివర, 2013 మొదట్లో రెండు భవనాల్లోని గాలిలో టి.సి.ఇ. ఉండవలసిన దానికంటే ఎక్కువగా తేలింది. కారణం భూమిలో కొత్త విషం చేరడం కాదు. గాలి ఆడించే యంత్రాల మరమ్మతు పనులు జరిగాయి. బయటిగాలిని లోపలికి తోసే యంత్రం సరిగ్గా నడుస్తున్నంతకాలం లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉండి, కింది ఆవిరిని కిందనే తొక్కిపెడుతుంది. అది మందగించగానే భవనం మళ్లీ నేలను పీల్చింది. యంత్రాన్ని సరిచేశారు, పగుళ్లు పూడ్చారు, గాలి బాగుపడింది.

ఈ ఒక్క ఉదంతంలోనే మనకు కావలసిన పాఠం అంతా ఉంది. కిందటి ఏడు పరీక్షలో బాగుందని ఈ ఏడూ బాగుంటుందని చెప్పడానికి లేదు.

ఇంతకీ టి.సి.ఇ. చేసే హాని

మా ప్రొఫెసర్లు ఒక సంగతి చెప్పేవారు. వాళ్ల చిన్నతనంలో ట్రైలీన్ అనే మత్తుమందు ఉండేది. కాన్పునొప్పులు తగ్గడానికి తల్లులచేత పీల్పించేవారు. ఆ ట్రైలీనూ ఈ టి.సి.ఇ.యూ ఒకటే! అమెరికాలో ఆ వాడకాన్ని 1977లో నిషేధించారు. తెలియక మందుగా వాడినదే, తెలిశాక విషాల జాబితాలోకి చేరింది. వైద్యంలో ఇటువంటివి ఉంటాయి. ఒప్పుకోవాలి.

ఎక్కువ మోతాదులో పీలిస్తే తలనొప్పి, తలతిప్పు, మగత. ఏళ్ల తరబడి పీలిస్తే మూత్రపిండాల క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధక సంస్థ దీన్ని మానవులలో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి తరగతిలో చేర్చింది.

గర్భిణీల విషయం వేరుగా చెప్పుకోవాలి. బిడ్డ గుండె తయారయ్యేది మొదటి ఎనిమిది, తొమ్మిది వారాల్లోనే. ఆ సమయంలో టి.సి.ఇ. పీలిస్తే గుండె నిర్మాణంలో లోపం రావచ్చునన్న అనుమానం ఉంది. న్యూయార్కు రాష్ట్రంలో ఎండికాట్ అనే ఊళ్లో భూమిలోంచి ఇళ్లలోకి ఇటువంటి ఆవిరి చేరింది. అక్కడి కాన్పులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు, గుండె లోపాలున్న బిడ్డలు మామూలుకంటే ఎక్కువగా కనిపించారు. అంతమాత్రాన ఆవిరే కారణమని తేలిపోలేదు. జంతువులమీద చేసిన ప్రయోగాల గురించి శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయినా వాదన తేలేదాకా గర్భిణిని అక్కడే కూర్చోబెట్టడం న్యాయం కాదు. అందుకే ఆ దేశపు అధికారులు గర్భం ధరించే వయసు స్త్రీలను దృష్టిలో పెట్టుకుని కట్టుదిట్టమైన హద్దులు పెట్టారు.

ఇక్కడ ఒక పెద్ద అపోహ తొలగాలి. "వాసన రావడం లేదు కదా" అంటారు. టి.సి.ఇ. కాస్త తియ్యటి వాసన గలదే. అయితే మన ముక్కు పసిగట్టే మోతాదు, అధికారులు పెట్టిన హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉంటుంది. వాసన లేదంటే ఆవిరి లేదని కాదు.

పరీక్ష ఎలా చేస్తారు?

మీ అమ్మాయి ఆఫీసులో కార్పెట్ ఎందుకు లేపారో ఇప్పుడు చెప్తాను.

మొదటి పరీక్ష కాగితాలమీద జరుగుతుంది. ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేది? ఫ్యాక్టరీయా, పెట్రోలు బంకా, డ్రైక్లీనింగ్ దుకాణమా? పాత పటాలు, లైసెన్సులు, భూగర్భజలాల రిపోర్టులు వెతుకుతారు. మేము రోగిని చూడగానే "ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా?" అని అడుగుతాం చూడండి, అటువంటిదే ఇదీ.

రెండవది భవనాన్ని నడిచి చూడడం. పగుళ్లు, గుంటలు, పైపుల రంధ్రాలు గుర్తిస్తారు. దాంతోపాటు లోపలున్న సీసాలు కూడా! రంగులు, జిగురు, మరకలు తీసే ద్రవాలు, అప్పుడే డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన కోటు - వీటినుంచీ ఆవిర్లు వస్తాయి. వీటిని ముందే తీసివేయకపోతే దొంగ ఒకరు, శిక్ష మరొకరికి అయినట్టే.

మూడవది నేల కింది గాలి. కాంక్రీటు పలక ఆసాంతం దిగేలా సన్నని రంధ్రం చేసి, అందులో లోహపు గొట్టం దించి, చుట్టూ సందులేకుండా మూసేస్తారు. గదిలోని గాలి ఆ గొట్టంలోకి దొంగదారిన పోతే లెక్క తప్పుతుంది. కాబట్టి గొట్టం చుట్టూ ఒక మూత బోర్లించి, అందులోకి హీలియం వాయువు వదులుతారు. గొట్టంలో హీలియం కనబడితే మూత సరిగ్గా పడలేదన్నమాట. మళ్లీ మొదలు. అది కుదిరాకే, గాలి పూర్తిగా తీసేసిన ఉక్కు డబ్బాను గొట్టానికి తగిలించి మర తిప్పుతారు. ఖాళీ డబ్బా కిందిగాలిని తనంతట తానే పీల్చుకుంటుంది.

నాలుగవది గదిలోని గాలి. మనిషి కూర్చుని ఊపిరి పీల్చే ఎత్తులో, అటువంటి డబ్బానే పెట్టి, పనివేళ ఎనిమిది గంటలూ చుక్కచుక్కగా గాలి పట్టేటట్టు అమరుస్తారు. ఇళ్లలోనైతే ఇరవైనాలుగు గంటలు.

ఐదవది బయటి గాలి. రోడ్డు మీది కారు పొగలోనూ బెంజీన్ ఉంటుంది. ఆ భాగం ఎంతో తెలియాలి.

డబ్బాలు ప్రయోగశాలకు పోతాయి. అక్కడ యంత్రం ఏ రసాయనం ఎంత ఉందో విడదీసి చెప్తుంది. ఇక మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. కింద ఎక్కువ, గదిలో ఎక్కువ, బయట తక్కువ అయితే ఆవిరి నేలలోంచే వస్తున్నదని అర్థం. కింద తక్కువ, గదిలో ఎక్కువ అయితే దొంగ గదిలోనే ఉన్నాడు, సీసాలు వెతకాలి. గదిలోనూ బయటా ఒక్కలాగే ఉంటే అది వీధి పుణ్యం. కింద చాలా ఎక్కువ ఉండి గదిలో తక్కువగా ఉంటేనో? చాలామంది ఇక్కడే "అమ్మయ్య" అనుకుంటారు. అనుకోకూడదు. నేటికి ఫ్యాన్లు కాపాడుతున్నాయన్నమాట. రేపు ఫ్యాను చెడితే?

అందుకనే మంచి పరీక్ష ఒక్కరోజుతో ముగియదు. చలికాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి చేస్తారు. గాలి యంత్రాలు నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చేస్తారు. రక్తపోటును ఒక్కసారి చూసి జీవితాంతం మందు వ్రాయనట్టే ఇదీను.

అంకెలు భయపెట్టకూడదు

రిపోర్టులో "ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు" అని ఉంటుంది. గ్రాములో పది లక్షలవ వంతు మైక్రోగ్రాము. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. మౌంటెన్ వ్యూ స్థలంలో ఆఫీసు గాలికి 2010లో పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు. అంటే ఆ గది మొత్తానికి 140 మైక్రోగ్రాములు. రెండు మూడు సన్న ఉప్పు రవ్వల బరువు! అంత కొంచెమే హద్దు.

ఈ 5 అనేది ఏళ్ల తరబడి రోజూ పనిచేసేవారికి వేసిన లెక్క. ఒక్కరోజు 6 పీల్చినంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. గర్భిణీలను దృష్టిలో పెట్టుకుని ఆ ప్రాంతపు అధికారులు 2014లో మరో హద్దు సూచించారు. ఎనిమిది గంటల పనిదినానికి 8 మైక్రోగ్రాములు దాటితే వెంటనే సరిచేసే పని మొదలుపెట్టాలి. దానికి మూడింతలు, అనగా 24 దాటితే, ఇక క్షణం ఆలస్యం చేయకూడదు.

నేల కింది అంకె చూసి మాత్రం గుండె జారవిడుచుకోకండి. అది వేలల్లో కూడా ఉండవచ్చు. కిందివన్నీ పైకి రావు. లెక్క కట్టేటప్పుడు జాగ్రత్త కోసం, కింద నూరు పాళ్లుంటే గదిలోకి మూడు పాళ్లు వస్తాయని అధికారులు అనుకుంటారు. పెద్ద ఆఫీసు భవనాల్లో అంతకంటే తక్కువే రావడం కద్దు. మనిషి పీల్చేది గదిలోని గాలి. మీ అమ్మాయి ముందుగా చూడవలసింది ఆ అంకెనే.

మందు కూడా ఉంది

ఈ జబ్బుకు మందు చాలా తేలిక. పలకలోని పగుళ్లు మూస్తారు. నేలకు రంధ్రం చేసి, పలక కింది నుంచి పై కప్పు దాకా ఒక పైపు వేసి, దానికి ఎప్పుడూ తిరిగే ఫ్యాను పెడతారు. గది పీల్చేలోపలే ఫ్యాను ఆ ఆవిరిని పీల్చి కప్పుమీద గాలిలోకి వదిలేస్తుంది. ఎండికాట్‌లో కొన్ని వందల కట్టడాలకు ఈ పద్ధతి అమర్చారు. అంతదాకా తాత్కాలికంగా గదిలో బొగ్గు జల్లెడ గల పెద్ద యంత్రాలు పెడతారు. ఇంట్లో వాడే మామూలు గాలి శుద్ధి యంత్రం దుమ్మును ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. మూతికి గుడ్డ కట్టుకోవడం, బల్లమీద మనీప్లాంటు పెట్టుకోవడం, బెల్లం ముక్క తినడం - వీటివల్ల ఈ విషయంలో ఏ ఉపయోగమూ లేదు.

నేను చేసిన పొరపాటు

ఇక మన ఊళ్ల సంగతి. పన్నెండేళ్ల క్రితం ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తుండగా నా దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. ఒక షాపింగ్ కాంప్లెక్సులో లెక్కలు వ్రాసే గుమాస్తా. తలనొప్పి, వికారం. మాత్రలు వ్రాశాను. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. కళ్లడాక్టరు దగ్గరికి పంపాను. అద్దాలు వచ్చాయి, తలనొప్పి పోలేదు. మూడోసారి సైనస్ ఎక్స్‌రే తీయించాను. ఓ.పీ.లో ఆరోజు నూటయాభై మంది ఉన్నారని ఇప్పుడు చెప్పుకోవడం సాకు మాత్రమే.

మూడోసారి అతని వెంట భార్య వచ్చింది. చేతిలో చంటిబిడ్డ. "ఏమోనండీ, ఆదివారం ఈయనకు ఏ నొప్పీ ఉండదు. సోమవారం మధ్యాహ్నానికల్లా మొదలు" అంది. నేను రెండు నెలల్లో అడగని ప్రశ్నకు ఆమె ఒక్క ముక్కలో జవాబు చెప్పింది. అప్పుడు అడిగాను, "బాబూ, నువ్వు కూర్చునేది ఎక్కడ?" సెల్లారులోనట. సంపు గుంట పక్కన.

ఆ సాయంత్రం వెళ్లి చూశాను. మెట్లు దిగుతుండగానే పెట్రోలు వాసన. కాంప్లెక్సు గోడకు అవతల పెట్రోలు బంకు. "వాసన ఎన్నాళ్లనుంచి?" అంటే, వాచ్‌మన్ "వానాకాలం నుంచండి. అందుకే యజమానిగారు అగరుబత్తీలు వెలిగించమన్నారు" అన్నాడు. సంపు గుంట గట్టుమీద అగరుబత్తీల బూడిద! నాకు ఒళ్లు జలదరించింది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లయితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందరినీ పైకి పంపి అగ్నిమాపక దళానికి కబురు పెట్టాం. బంకు వారి భూగర్భ పైపు అతుకు దగ్గర కారుతున్నదని తరువాత తేలింది. సెల్లారు మూయించారు. ఆ అబ్బాయి బల్ల మొదటి అంతస్తుకు మారింది. తలనొప్పి మళ్లీ రాలేదు.

"నీవు చేసే పనేమిటి?" అని ప్రతి రోగినీ అడగండని 1700లోనే రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు వ్రాశాడు. నాకు కాలేజీలో చెప్పారు కూడా. చదివిన నేను మరిచాను. ఆ పిల్ల చెప్పింది. అప్పటినుంచి ఎవరు తలనొప్పి అన్నా "ఎక్కడ కూర్చుంటారు? సెలవురోజున ఎలా ఉంటుంది?" అని అడగకుండా చీటీ వ్రాయను.

మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో 1992 ఏప్రిల్ 22న ఏమైందో తెలుసా? భూమిలోని పెట్రోలు గొట్టం తుప్పుపట్టి, పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరింది. వీధుల్లో వాసన వస్తున్నదని జనం ముందురోజుల్లోనే మొరపెట్టుకున్నారు. ఊరు ఖాళీ చేయించలేదు. కాలువలు పేలి 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోలులో మంట ఒక్కటే ప్రమాదం కాదు. రక్తక్యాన్సర్ కలిగించగల బెంజీన్ కూడా ఉంటుంది. మన దేశపు పెట్రోలులో అది నూటికి ఒక పాలు మించరాదని నిబంధన ఉంది. ఆ ఒక్క పాలూ గాలి ఆడని సెల్లారులో రోజూ పీల్చడం మంచిది కాదు.

మీరు చేయవలసినవి

మన ఊళ్లలో దుకాణం, ఆఫీసు, ఆసుపత్రి ఏది అద్దెకు తీసుకుంటున్నా, అంతకుముందు అక్కడ ఏముండేదో ఇరుగుపొరుగును అడగండి. మెకానిక్ షెడ్డు, బంకు, రసాయనాల గోడౌను, డ్రైక్లీనింగ్ అంటే కొంచెం జాగ్రత్త.

సెల్లారులో గాని, బోరునీటిలో గాని, బాత్‌రూమ్ గొట్టంలో గాని పెట్రోలు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి. అగరుబత్తి వెలిగించకండి. స్విచ్చి వేయకండి, ఆపకండి. అందరినీ బయటికి పంపి, బయటికి వచ్చాక 101కి గాని 112కి గాని ఫోను చేయండి. తరువాత బంకు యజమానికి, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతపూర్వకంగా తెలియజేయండి.

వాడని బాత్‌రూములలో నేలమీది జాలీ గొట్టంలో నెలకు రెండుసార్లు చెంబెడు నీళ్లు పోయండి. ఆ వంపులో నిలిచే నీరే మురుగు కాలువలోని వాయువులకు అడ్డుగోడ. ఎండిపోతే గోడ కూలినట్టే.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గుంటలోకి ఎవరినీ దించకండి. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. పడినవాణ్ణి తీయబోయిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన ఇళ్లు నేను చూశాను.

కరెంటు ఖర్చు తగ్గుతుందని ఏ.సి. గదుల్లోకి బయటిగాలి రాకుండా పూర్తిగా బిగించకండి. డ్రైక్లీనింగ్ బట్టలను కవరు తీసి, ఆరుబయట ఒక పూట ఆరవేసి బీరువాలో పెట్టండి.

తెనాలి అమ్మగారికి

అమ్మా! మీ అమ్మాయి ఈ వారమే తన పై అధికారిని గాని, భవనం చూసుకునే వారిని గాని నాలుగు ప్రశ్నలు అడగాలి. గదిలోని గాలిలో టి.సి.ఇ. ఎంత ఉంది? పరీక్షప్పుడు గాలి యంత్రాలు నడుస్తున్నాయా, ఆపారా? తాను కూర్చునే చోటుకు ఎంత దూరంలో డబ్బా పెట్టారు? మళ్లీ పరీక్ష ఎప్పుడు? అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అక్కడ సూపర్‌ఫండ్ స్థలాల రిపోర్టులు ప్రజలు చూడవచ్చు.

తాను గర్భవతినని చెప్పి, అంకెలు తెలిసేవరకు ఇంటినుంచి పనిచేయడానికో, మరో భవనంలో కూర్చోవడానికో అనుమతి అడగమనండి. రెండో నెల కనుక ఈ కొద్ది వారాలే ముఖ్యం. ఎక్కువ దూరం ఆలోచించి ఉద్యోగం వదులుకోనక్కరలేదు. అంకె హద్దుకు లోపల ఉంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. పైన ఉంటే, సరిచేసి మళ్లీ పరీక్షించేదాకా ఆ గదిలో అడుగు పెట్టవద్దు.

తన కాన్పు డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి. రక్తపరీక్షలకు పరుగెత్తవద్దు. టి.సి.ఇ. కొన్ని రోజుల్లోనే శరీరాన్ని విడిచిపోతుంది. పరీక్షలో కనబడినా బిడ్డకు ఏమవుతుందో అది చెప్పలేదు. అయిదో నెల ప్రాంతంలో అందరికీ చేసే స్కానింగులో బిడ్డ గుండెను శ్రద్ధగా చూడమంటే సరిపోతుంది. అవసరమనుకుంటే గుండెకు ప్రత్యేకమైన స్కానింగ్ ఆ డాక్టరే వ్రాస్తారు. ఇన్నాళ్లూ ఆ ఆఫీసులో కూర్చున్నందుకు బిడ్డకు ఏదో అయిపోయి ఉంటుందని మాత్రం మీరూ, అమ్మాయీ కుమిలిపోవద్దు. హద్దు దాటిన చోట పనిచేసినవారిలో కూడా చాలామందికి చక్కని బిడ్డలే పుట్టారు. హద్దు ఉన్నది ప్రమాదాన్ని ముందే ఆపడానికి.

ఫోనులో అమ్మాయి నవ్వితే మీరూ నవ్వండి. కాని ఈ నాలుగు ప్రశ్నలూ కాగితంమీద వ్రాయించి, అడిగిందో లేదో వచ్చే ఆదివారం మళ్లీ ఫోను చేసి కనుక్కోండి. రిపోర్టు రాగానే అంకెలతో సహా నాకు వ్రాయండి. సీమంతానికి మీరు బయలుదేరేలోపు జవాబిస్తాను.